ఓల్నే ఊరి సెయింట్ పియేర్ చర్చి: 24 మంది పెద్దలు 31 మంది ఎలా అయ్యారు?

గోదారిగట్టు
ఫ్రాన్స్ పడమటి వైపు షరాంత్-మరితీమ్ జిల్లాలో ఓల్నే అని చిన్న ఊరుంది. అక్కడి 12వ శతాబ్దపు సెయింట్ పియేర్ చర్చి గురించి తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరా? మూడు సందేహాలు.

ఒకటి, దక్షిణ ద్వారం కమాను మీద చెక్కినవాళ్లు ప్రకటన గ్రంథంలోని పెద్దలు అంటారు. మన బైబిల్లో "ఇరువది నలుగురు పెద్దలు" అని స్పష్టంగా ఉంది. ఇక్కడ లెక్కపెడితే 31 మంది తేలుతున్నారు. రెండు, లోపల మధ్య శాల పైగోడల్లో ఒక్క కిటికీ కూడా లేదు. అంత ఎత్తు గోడ పెట్టి వెలుతురు ఎందుకు వద్దనుకున్నారు? మూడు, పడమటి ముఖానికి ఆనించి ఉన్న లావుపాటి ఊతగోడలు మొదటినుంచీ ఉన్నవేనా? వాటి వల్ల ఆ ముఖం అందం సగం పోయినట్టుంది.

పాతరాతలు
ముందు కొంచెం నేపథ్యం. లేకపోతే మిగతాది గాల్లో వేలాడుతుంది.

ఈ చర్చి ఊరి నడుమ లేదు. ఊరి బయట, శ్మశానం మధ్యలో ఉంది. పువాతియే నుంచి సాంత్ వెళ్లే రోమన్ల కాలపు బాట ఇటుగానే పోయేది. తర్వాత స్పెయిన్‌లోని కంపోస్టెలా పుణ్యక్షేత్రానికి వెళ్లే యాత్రికులూ ఆ దారినే నడిచారు. 1998లో యునెస్కో ఫ్రాన్స్‌లోని కంపోస్టెలా దారులను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఈ చర్చికీ అందులో చోటు దక్కింది. ఇది మఠం కాదు. పువాతియే పెద్ద చర్చి గురువుల మండలి చేతిలో ఉన్న పల్లె చర్చి. పియేర్ అంటే మన పేతురే. ఆ పెద్ద చర్చి కూడా పేతురు పేరు మీదదే కాబట్టి ఇక్కడి పేరుకి వేరే కారణం వెతకనక్కర్లేదు.

కట్టడంలో ఎక్కువ భాగం 1120-1140 ప్రాంతానిది. తూర్పున బలిపీఠం వెనకున్న అర్ధవృత్తపు భాగం, మధ్య శాలకి అడ్డంగా ఉత్తర దక్షిణాలుగా ఉండే అడ్డశాల ముందు లేచాయి. మధ్య శాల తర్వాత వచ్చింది. పడమటి ముఖం చివరిది. ఈ వరుస గుర్తుపెట్టుకోండి, శిల్పం గురించి మాట్లాడేటప్పుడు అవసరమవుతుంది.

మీ మూడో ప్రశ్నకి జవాబు చిన్నది. ఆ ఊతగోడలు 15వ శతాబ్దంలో చేర్చినవి. అందం కోసం కాదు, ముఖం నిలబడటం కోసం.

కమానురాయి
31 సంగతి నేను చెబుతాను. ఇందులో గూఢార్థాలు వెతికినవాళ్లు చాలామందే ఉన్నారు. నా మటుకు అది తాపీపని లెక్క.

దక్షిణ ద్వారంలో కమాను ఒక్కటి కాదు, ఒకదాని వెనక ఒకటిగా నాలుగు వలయాలు. లోపలి దాంట్లో తీగలూ జంతువులూ. రెండో దాంట్లో తలచుట్టూ కాంతివలయాలున్న 24 మంది, వీళ్లని ప్రవక్తలు, అపొస్తలులు అంటారు. మూడో దాంట్లో మీరడిగిన పెద్దలు, చేతిలో తీగ వాయిద్యం ఒకటి, పాత్ర ఒకటి. నాలుగో దాంట్లో రకరకాల వింత జీవులు.

ఇక్కడి పద్ధతి ఏమిటంటే ఒక కమాను రాయికి ఒక బొమ్మ. రాయిని కింద పని బల్ల మీదే చెక్కేసి, తర్వాత పైకెత్తి పేరుస్తారు. బొమ్మ తల బయటికి, కాళ్లు కమాను కేంద్రం వైపు. దగ్గరగా చూస్తే బొమ్మల మధ్య అతుకులు కనిపిస్తాయి గాని, ఒక మనిషి ముఖాన్నో భుజాన్నో కోస్తూ అతుకు పోదు.

ఇప్పుడు లెక్క. అర్ధవృత్తపు కమాను పొడవు వ్యాసార్ధాన్ని బట్టి పెరుగుతుంది. ఉదాహరణకు ఒక వలయం వ్యాసార్ధం 1.5 మీటర్లు అనుకుందాం (ఓల్నే కొలత కాదు, లెక్క కోసం). దాని పొడవు 4.7 మీటర్లు. 24 రాళ్లు వేస్తే ఒక్కోటి లోపలి అంచున 20 సెంటీమీటర్లకి కాస్త తక్కువ వెడల్పు వస్తుంది. దాని పై వలయం వ్యాసార్ధం 1.94 అయితే, అదే వెడల్పు రాళ్లు 31 పడతాయి. అంటే వలయానికీ వలయానికీ 44 సెంటీమీటర్ల తేడా చాలు, 24 కాస్తా 31 అయిపోవడానికి.

24తోనే సరిపెట్టాలంటే? ఒక్కో రాయి పాతిక సెంటీమీటర్ల వెడల్పుకి పోతుంది. బరువు పెరుగుతుంది, రాయి కోసే అచ్చు మారుతుంది, పక్క వలయంలో సన్నటి మనుషులుంటే ఇక్కడ బండ మనుషులు వస్తారు. మేస్త్రీ రాయి వెడల్పు మార్చలేదు, పెద్దల సంఖ్య మార్చాడు.

గోదారిగట్టు
లెక్క బాగుంది. కానీ లేఖనంలో ఉన్న సంఖ్యనే మార్చేస్తే గురువులు ఊరుకుంటారా?

పాతరాతలు
ఊరుకున్నారనే కదా ఆ 31 మంది ఇంకా అక్కడున్నది! కిరీటం, పాత్ర, వాయిద్యం ఉంటే చూసేవాడికి వాళ్లెవరో తెలిసిపోతుంది. మన తెలుగు బైబిల్లో 5వ అధ్యాయం 8వ వచనం చూడండి, వీణలు, ధూపద్రవ్యాలతో నిండిన సువర్ణపాత్రలు అని ఉంటుంది. ఆ రెండు వస్తువులే గుర్తు. తల పైకెత్తి వేలు పెట్టి లెక్కించేవాళ్లు ఎందరుంటారు?

అయితే కమానురాయి గారి వాదనకి ఇంకో బలమైన ఆధారం ఆ చర్చిలోనే ఉంది, ఆయన ఇంకా చెప్పలేదు. పడమటి ద్వారం.

కమానురాయి
అక్కడికే వస్తున్నాను.

పడమటి ద్వారం మీద పద్ధతి తిరగబడింది. బొమ్మలు కమాను వంపు వెంబడే సాగుతాయి, కాళ్లు కింద, తల నడినెత్తి వైపు. ఒక్కో బొమ్మ కొన్ని రాళ్ల మీదుగా పరుచుకుని ఉంటుంది. కవచం తొడిగిన స్త్రీల రూపంలో సద్గుణాలు, వాళ్ల కాళ్లకింద నలిగే దుర్గుణాలు. అలాంటివాళ్లు ఆరుగురు, ఈ వైపు ముగ్గురు, ఆ వైపు ముగ్గురు. దాని పై వలయంలో బుద్ధిగల కన్యకలు, బుద్ధిలేని కన్యకలు, మత్తయి సువార్త ప్రకారం అయిదూ అయిదూ పది. బొమ్మకీ రాతికీ ముడి లేదు కాబట్టి సంఖ్య చెదరలేదు. బొమ్మని కాస్త సాగదీస్తే, కాస్త కుదిస్తే చాలు.

అంటే లేఖనం లెక్క తెలియక 31 చెక్కలేదు. రాయికో బొమ్మ అన్న నియమం పెట్టుకున్న చోట రాయి గెలిచింది, ఆ నియమం లేని చోట లేఖనం గెలిచింది.

రెండో పద్ధతి కష్టం వేరే. బొమ్మ మూడు నాలుగు రాళ్ల మీద ఉన్నప్పుడు ముందు నేలమీద పూర్తి కొలతతో కమాను గీసి, రాళ్లు పొడిగా పేర్చి, గీతలు ఒక రాయి నుంచి ఇంకో రాయికి దాటించుకోవాలి. పైన పేర్చేటప్పుడు సున్నం మందం నేలమీద అనుకున్నంతే ఉండాలి. ఒక్కో అతుకులో 5 మిల్లీమీటర్లు ఎక్కువైనా 30 అతుకులకి 15 సెంటీమీటర్లు. రాయికో బొమ్మ ఉన్నప్పుడు ఆ తేడాని బొమ్మల మధ్య ఖాళీలో సర్దేయొచ్చు. బొమ్మ నడుం మీదుగా అతుకు పోయేచోట సర్దుబాటుకి తావులేదు, మోకాలు పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది.

సెంట్రింగ్_శీను
కమాను నిలబెట్టే పని గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నాలుగు ముక్కలు.

రెండు వైపులా అడుగు రాళ్లు పెట్టి, మధ్యలో చెక్క సెంట్రింగ్. రాళ్లు రెండు వైపుల నుంచీ సమంగా ఎక్కించాలి. ఒక వైపు నాలుగు రాళ్లు ముందుకి పోయినా సెంట్రింగ్ రెండో వైపుకి ఒరుగుతుంది, కమాను వంకర అక్కడే మొదలవుతుంది. చివరి రాయి నడినెత్తిన. రాళ్లు బేసి సంఖ్యయితే నడినెత్తిన రాయి పడుతుంది, సరి సంఖ్యయితే అతుకు పడుతుంది. రెండూ నిలబడతాయి. నడినెత్తి రాయి లేకపోతే కమాను కూలుతుందన్నది వట్టి మాట. పేర్చినంతసేపూ ఏ రాయి లేకపోయినా కూలుతుంది, పేర్చడం అయ్యాక అన్ని రాళ్లూ సమానమే.

సెంట్రింగ్ కింద చీలలు ఉంటాయి. సున్నం కాస్త గట్టిపడ్డాక వాటిని కొద్దికొద్దిగా వదులు చేస్తూ దించాలి. ఒక్కసారి లాగేస్తే కమాను దబ్బున కూర్చుంటుంది, చెక్కిన రాళ్ల అంచులు పెచ్చులు లేస్తాయి. మరీ ఆలస్యం చేసినా మంచిది కాదు. సున్నం మెత్తగా ఉన్నప్పుడే కమాను తన బరువుకి తాను సర్దుకోవాలి.

కమానురాయి
ఇక కిటికీల ప్రశ్న. గోదారిగట్టు గారూ, వాళ్లు వెలుతురు వద్దనుకోలేదు, కప్పు పడకూడదనుకున్నారు.

మధ్య శాల కప్పు రాతిది, పొడవాటి సొరంగంలా ఉంటుంది. అడ్డంగా కోసి చూస్తే కొస తేలిన కమాను ఆకారం. ఈ రకం కప్పు గోడల్ని పొడవునా బయటికి నెడుతుంది, ఒకటి రెండు చోట్ల కాదు. అర్ధవృత్తం కంటే కొస తేలిన కమాను కాస్త తక్కువ నెడుతుంది. అందుకే కొస తేలిన కమానులకి పేరుపడ్డ గోతిక్ శైలి రాకముందే ఈ ప్రాంతంవాళ్లు దాన్ని పట్టుకున్నారు. తక్కువైనా, నెట్టుడు నెట్టుడే.

దానికి పువాతూ (పువాతియే చుట్టుపక్కల) ప్రాంతపు మేస్త్రీల విరుగుడు: పక్క శాలల్ని దాదాపు మధ్య శాల అంత ఎత్తుకి లేపడం. పక్క శాల కప్పులు మధ్య కప్పుకి రెండు వైపులా భుజం ఆనిస్తాయి. మిగిలిన తోపుడు లావుపాటి బయటి గోడకీ దాని ఊతలకీ చేరుతుంది. పక్క శాలలు అంత పైకి వచ్చేశాక మధ్య శాల గోడకి బయటి గాలి తగిలే చోటే మిగల్లేదు. కిటికీ ఎక్కడ పెడతారు? వెలుతురంతా పక్క శాలల కిటికీల్లోంచి, స్తంభాల మధ్యగా రావాలి. ఇక్కడి స్తంభాలు నాలుగు అర్ధస్తంభాలు కలిపి కట్టినట్టుండటానికి కారణం కూడా కప్పులే, ఒక్కో ముఖం ఒక్కో వైపు కమానుని మోస్తుంది.

ఫ్రాన్స్ తూర్పు వైపు బర్గండీలో వేరే దారి తొక్కారు. అక్కడి వెజ్లే చర్చిలో మధ్య శాలని పైకి లేపి, పై గోడల్లో కిటికీలు పెట్టారు. చూడటానికి అద్భుతం. కానీ ఆ ఎత్తులో ఊత లేక గోడలు బయటికి ఒరిగాయి. తర్వాతి శతాబ్దాల్లో ఎగిరే ఊతలు, అంటే గోడకి దూరంగా నిలిచి కమానుతో ఆనించే ఊతలు, చేర్చారు. చివరికి 1840లో, 26 ఏళ్ల వాస్తుశిల్పి వ్యొలె-ల్-ద్యుక్ చేతికి మరమ్మతు అప్పగించే నాటికి కట్టడం కూలేలా ఉంది. బర్గండీలోనే ఉన్న క్లునీ మఠం పెద్ద చర్చిలో 1125లో మధ్య శాల కప్పు కొంత కూలిపోయింది కూడా. ఓల్నే కడుతున్న కాలమే అది. చీకటి ఎక్కువని ఓల్నేని తక్కువ చేసేవాళ్లు ఈ రెండింటినీ పక్కన పెట్టి చూడాలి.

గోదారిగట్టు
పక్క శాలలు ఊతగా ఉంటే, పడమటి ముఖానికి 15వ శతాబ్దంలో మళ్లీ ఊతలు ఎందుకు?

కమానురాయి
పక్క శాలలు ఊతనిచ్చేది ఉత్తర దక్షిణాలకి. పడమటి ముఖం చివరి గోడ, బయట పడమటి వైపు దాన్ని ఆపేది ఏమీ లేదు. లోపల స్తంభాల మధ్య కమానుల వరుస ఒకదాన్నొకటి నెట్టుకుంటూ వచ్చి ఆఖరి తోపుడు ఆ ముఖం మీద పెడుతుంది. దాని కింద నేల కొంచెం కుంగినా ముఖం ముందుకి వంగుతుంది.

ఈ రకం కట్టడం ఏది చూసినా పగుళ్లు ఇలా చదవండి. కమాను కాళ్లు ఎడమైతే నడినెత్తిన అతుకు లోపలి వైపు, అంటే కింద నిలబడితే కనిపించే వైపు, తెరుచుకుంటుంది. భుజాల దగ్గర పగులు పైవైపు, కప్పు మీదికి ఎక్కితేగాని కనిపించదు. కింద సన్నగీత చూసి సున్నం పూసి వదిలేస్తే అసలు రెండు పగుళ్లు పైన దుమ్ము కింద పెరుగుతూ ఉంటాయి. ముందు పగులుకి అడ్డంగా కొలత గుర్తులు పెట్టి, కనీసం ఏడాదిపాటు ఎండాకాలం చలికాలం రెండూ గడిచేదాకా చూడాలి. ఋతువుతో తెరిచి మూసుకునే పగులు వేరు, ఒకే వైపు పెరిగేది వేరు.

పాతరాతలు
ఆ పడమటి ముఖం గురించి ఇంకొంత. మధ్య ద్వారానికి అటూ ఇటూ తలుపుల్లేని గుడ్డి కమానులు రెండున్నాయి. ఎడమ దాంట్లో పేతురుని తలకిందులుగా సిలువ వేసే దృశ్యం, కుడి దాంట్లో సింహాసనం మీద క్రీస్తు, ఇరువైపులా ఇద్దరు. మధ్య ద్వారానికి మాత్రం తలుపు పైన అర్ధచంద్రాకారపు శిల్పఫలకం లేదు, దక్షిణ ద్వారానికీ లేదు. బర్గండీ వైపు చూసి వచ్చినవాళ్లు ఏదో పోయిందనుకుంటారు. ఏమీ పోలేదు. ఓల్నే ఉన్న సాంతోంజ్ ప్రాంతం, పక్కనున్న పువాతూ పల్లె చర్చిల్లో పెద్ద ద్వారానికి ఫలకం లేకపోవడమే మామూలు. చెప్పదలచుకున్నదంతా కమాను రాళ్లే మోయాలి. కాబట్టే వలయాలు అన్ని, బొమ్మలు అన్ని.

దక్షిణ ద్వారం నాలుగో వలయంలో వాయిద్యం వాయించే గాడిద ఒకటుంది. పాత లాటిన్ సామెత నుంచి వచ్చిన బొమ్మ, అర్థం మన "గాడిదకేం తెలుసు గంధపు వాసన"కి బాగా దగ్గర. పెద్దలు భక్తిగా వాయిద్యాలు పట్టుకున్న వలయానికి సరిగ్గా పైన దీన్ని పెట్టినవాడు కొంటెవాడే అయ్యుండాలి.

చిత్తూరుచిన్నోడు
ఏనుగుల మాట ఎవరూ ఎత్తలేదేం?

పాతరాతలు
ఎత్తకుండా ఎలా ఉంటాం. అడ్డశాల దక్షిణ భాగంలో ఒక స్తంభశీర్షం (స్తంభం పైన ఉండే చెక్కిన రాయి) మీద ఏనుగులు. వాటి పైన లాటిన్‌లో "హి సున్త్ ఎలెఫాంతెస్", అంటే ఇవి ఏనుగులు, అని చెక్కారు. చూసేవాళ్లు పోల్చుకోలేరేమోనని పేరు రాసిపెట్టారన్నమాట. తొండం ఉంది, కాబట్టి మనం ఇట్టే పోలుస్తాం. చెవులు మాత్రం చేటలంత లేవు, చిన్నవి. చెక్కినవాడు ఏనుగుని చూడలేదు, ఏనుగు బొమ్మని చూశాడు.

ఆ బొమ్మ దొరికే చోట్లు ఉన్నాయి. తూర్పు దేశాల పట్టుబట్టలు చర్చిల్లో పవిత్ర అవశేషాలు చుట్టడానికి వాడేవారు. ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉన్న సెయింట్ జోస్ పట్టువస్త్రం ఇరాన్ వైపు ఖొరాసాన్‌లో 10వ శతాబ్దంలో నేసినది, దానిమీద ఎదురెదురుగా ఏనుగులు. అది ఉత్తర ఫ్రాన్స్‌లోని ఒక మఠంలో ఉండేది. బతికున్న ఏనుగు అంటారా, బాగ్దాద్ ఖలీఫా హరూన్ అల్ రషీద్ ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్‌కి పంపిన ఏనుగు అబుల్ అబ్బాస్ 802లో ఆయన రాజధాని ఆఖెన్ చేరింది, 810లో చచ్చిపోయింది. ఓల్నే శిల్పి పుట్టడానికి రెండొందల ఏళ్లకి పైగా ముందు. ఓల్నే శిల్పికి నమూనా ఇదీ అని చూపించే కాగితం లేదు గాని, ఎదురెదురు జంతువుల అమరిక నేత నుంచి రాతిలోకి రావడం ఆ కాలపు శిల్పంలో మామూలే.

గానుగసున్నం
శిల్పం గురించి అందరూ మాట్లాడారు, రాయి గురించి ఒక్కరూ లేరు. నా వంతు.

అక్కడిది సున్నపురాయి. గని నుంచి తీసినప్పుడు లోపల తేమతో మెత్తగా ఉంటుంది, ఉలికి తేలిగ్గా లొంగుతుంది. ఆరుతూ ఉంటే ఆ తేమలో కరిగిన సున్నం పైకి వచ్చి గట్టి పెంకులా తేలుతుంది. అంత సన్నటి పని సాధ్యమైంది అందుకే. ఆ పెంకు పోయిందా, కింద మెత్తటి రాయి బయటపడి పిండిలా రాలుతుంది. కాబట్టి ఇసుక కొట్టి శుభ్రం చేయడం, ఇనుప బ్రష్షుతో తోమడం మొదటి నేరాలు. వాన తగలని మూలల్లో కనిపించే నల్లటి పొర వట్టి మురికి కాదు. గాలిలోని గంధకం సున్నపురాయిని జిప్సంగా మార్చి, మసిని అందులో బిగించేస్తుంది. నీళ్లు ఎక్కువ పోసి కడిగితే పొరతో పాటు ముక్కూ వేళ్లూ పోతాయి.

రెండో నేరం సిమెంటు. సిమెంటు అతుకు రాయి కంటే గట్టిది, తేమని వదలదు. గోడలోని నీరు అతుకులోంచి ఆరలేక రాయిలోంచి ఆరుతుంది, ఉప్పులు రాయి ముఖం వెనక గడ్డకడతాయి, రాయి పొరలుగా ఊడుతుంది. కొన్నేళ్లకి సిమెంటు గీతలు ముందుకి పొడుచుకొచ్చి, మధ్యలో రాళ్లు గుంటలు పడి ఉంటాయి. అలాంటి గోడ కనిపిస్తే కారణం వేరే అడగక్కర్లేదు.

సరైన పని: పాత అతుకుని చేతి ఉలితో, దాని వెడల్పుకి రెట్టింపు లోతు తీయాలి. తిరిగే రంపం వద్దు, రాయి అంచు కోసుకుపోతుంది. దుమ్ము ఊది, ముందురోజు నుంచీ గోడ తడపాలి. నీరు కారుతూ ఉండకూడదు, పీల్చుకుని ఉండాలి. నీటితో గట్టిపడే రకం సున్నం, మెత్తటి రాతికి తక్కువ బలం తరగతిదే, అంటే బస్తా మీద ఎన్‌హెచ్‌ఎల్ (సహజ హైడ్రాలిక్ సున్నం) 2 అని ఉండేది, మహా అయితే 3.5. ఒక పాలు సున్నానికి రెండున్నర పాళ్లు గరుకు ఇసుక. గట్టిగా కూరి, బిగుసుకున్నాక కుచ్చుబ్రష్షుతో దరువేసి, తడి గోనెపట్టాలు కప్పి వారం రోజులు చూసుకోవాలి. 5 డిగ్రీల కంటే చలి ఉంటే, రాత్రి మంచు గడ్డకట్టే సూచన ఉంటే పని మొదలుపెట్టకూడదు. లోపల నీరు గడ్డకట్టి ఉబ్బితే అతుకంతా పొడి అవుతుంది.

చిత్తూరుచిన్నోడు
మన గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపినట్టు అక్కడా కలపొచ్చా?

గానుగసున్నం
వద్దు. మన పద్ధతి స్వచ్ఛమైన సున్నానికి, వేడి వాతావరణానికి కుదిరింది. అక్కడి సున్నం బంకమన్ను పాలు కలిసిన రాయిని కాల్చి చేసింది, అందుకే అది నీళ్లు తగిలితే తనంతట తానే బిగుసుకుంటుంది. దాంట్లో బెల్లం వేస్తే బిగుసుకోవడం ఆలస్యమవుతుంది, చలికాలం ముంచుకొస్తే అంతే సంగతులు. ఏ గోడకి ఆ గోడ పాత సున్నాన్నే పరీక్షకి పంపి, దానికి దగ్గరగా కలుపుకోవాలి.

ఇంకోటి. చుట్టూ శ్మశానం కాబట్టి, శతాబ్దాలుగా పూడ్చగా పూడ్చగా ఇలాంటి చర్చిల చుట్టూ నేల పెరుగుతుంది. గోడ అడుగు తేమ సగం దానివల్లే. వెంటనే గోడ వెంబడే లోతుగా కాలువ తవ్వేద్దామని అందరికీ అనిపిస్తుంది. పునాది పక్కన మట్టి తీసేస్తే గోడకి పక్క బలం పోతుంది, మీరు తీసిన కాలువలోకి పునాది కింది మన్ను కొట్టుకుపోతుంది. పైగా అది సమాధుల నేల, పురావస్తు పరిశీలన లేకుండా పార పెట్టకూడదు. ముందు చూడాల్సింది చూరు నీళ్లు ఎటు పోతున్నాయి, గొట్టాలు మూసుకుపోయాయా అని. చాలాచోట్ల జబ్బు అక్కడే తేలుతుంది.

సెంట్రింగ్_శీను
అనుమతులెవరివి? గురువుగారివా, ఊరివా?

పాతరాతలు
ఊరిది. 1905లో చర్చినీ రాజ్యాన్నీ వేరుచేసిన చట్టం తర్వాత, అంతకుముందు కట్టిన పల్లె చర్చిలు సాధారణంగా పంచాయతీ ఆస్తి. 1907 చట్టంతో పూజలకి వాడుకునే హక్కు విశ్వాసులకి మిగిలింది. ఓల్నే చర్చి 1840 నాటి మొదటి రక్షిత కట్టడాల జాబితాలోనే ఉంది. ఆ జాబితా రచయిత మెరిమే చారిత్రక కట్టడాల తనిఖీ అధికారిగా ఉన్నప్పటిది. కాబట్టి ఒక్క అతుకు మార్చాలన్నా సంస్కృతి శాఖ ప్రాంతీయ కార్యాలయం సంతకం కావాలి. ఖర్చులో కొంత ప్రభుత్వం ఇస్తుంది, మిగతాది ఆ చిన్న ఊరు ఎక్కడో వెతుక్కోవాలి.

గోదారిగట్టు
అందరికీ ధన్యవాదాలు. వచ్చే వేసవిలో బంధువులు అటు వెళ్తున్నారు. ఏ వరుసలో చూడమంటారు?

కమానురాయి
దక్షిణ ద్వారం మిట్టమధ్యాహ్నం. ఎండ పైనుంచి ఏటవాలుగా పడితేనే 31 మంది విడివిడిగా తేలతారు, ఉదయం బల్లపరుపుగా కనిపిస్తారు. ఆ తర్వాత లోపలికి. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా మధ్య శాలా అడ్డశాలా కలిసే చోట నిలబడి పైన గుమ్మటం చూడండి. అక్కడి స్తంభశీర్షం మీదే సమ్సోను జుట్టు కత్తిరించే దృశ్యం. ఏనుగులకి బైనాక్యులర్స్ తప్పనిసరి, ఫోన్ జూమ్‌కి ఆ చీకట్లో అక్షరాలు అందవు. తర్వాత చుట్టూ తిరిగి తూర్పు వైపు నడిమి కిటికీ చెక్కడం. పడమటి ముఖం సాయంత్రానికి ఉంచుకోండి.

పాతరాతలు
శ్మశానంలో 15వ శతాబ్దపు రాతి సిలువ కూడా చూడమనండి. మెట్ల అరుగు మీద ఎత్తుగా ఉంటుంది. మట్టల ఆదివారం ఊరేగింపుగా అక్కడికి వెళ్లి, సువార్త చదివి "హోసన్న" పాడేవారు. అందుకే దాన్ని హోసన్న సిలువ అంటారు. దానికే పుస్తకం ఆనించే రాతి బల్ల ఉంటుంది, చాలామంది చూడకుండా వచ్చేస్తారు.